భయమునకు మందు

మా పాలమూరు సీమలో మందను మాటకు అర్థములు పెక్కు గలవు. జ్వరము వచ్చినపుడు వైద్యుడిచ్చునది మందు. ప్రొద్దు గ్రుంకిన తరువాత దుకాణములో కూర్చుండి త్రాగునదియు మందే. పత్తిచేనిలో పురుగుపై చల్లునది మందు. అప్పు తీర్చలేని రైతు త్రాగి ప్రాణము విడుచునది కూడ ఆ మందే. గిట్టనివారు అన్నములో కలిపి పెట్టిరని చెప్పుకొనునది పెట్టుడు మందు. మేలునకును, మత్తునకును, విషమునకును, చేతబడికిని ఒక్కటే పేరు పెట్టుకొన్న జనులు కొత్త మందేదైన నోట వేసికొనుటకు ముందు వెనుకాడుదురనిన ఆశ్చర్యము లేదు.

నేను మక్తలులో ఉపాధ్యాయుడను. సంస్కృతమును ఇంగ్లీషును చదువుకొని, ఇరువది యేండ్లుగా పిల్లలకు పాఠములు చెప్పుచున్నాను. ప్రతిదినము ఉదయము ఫలాహారమైన పిదప ఒక చిన్న తెల్లని మాత్రను మ్రింగుదును. చూచినవారు అది రక్తపుపోటునకని తలంతురు. నేనును అట్లే తలపనిత్తును. అది భయమునకు మందు. ఈ మాటను కాగితముపై పెట్టుటకు నాకు ఐదేండ్లకు పైగా పట్టినది.

నా రోగమొక్కటే విషయమైనచో దీనిని పత్రికకు పంపి యుండను. ఈ మాత్ర చరిత్రను వెదకుచు పోగా నాకొక సంగతి తెలిసినది. భయమునకు మందు మా సీమలోనికి రెండు ద్వారముల వచ్చినది. ఒకటి వైద్యుని చీటి, రెండవది కల్లుకుండ. వీనిలో కల్లుకుండయే ముందు వచ్చినది. చీటి వచ్చునప్పటికే జనులు కుండను చూచి యుండిరి గనుక, రెండును ఒక్కటే యనుకొనిరి. నేను కూడ చాలకాలము అట్లే యనుకొంటిని.

భయమును రోగముగా నెన్నుట పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య కాదు. చరకసంహిత విమానస్థానములో రజస్తమస్సుల వలన మనస్సునకు గలుగు వికారములను లెక్కించుచు, కామక్రోధాదులతో పాటు శోకమును, చిత్తోద్వేగమును, భయమును చేర్చిరి. నా రోగమునకు చిత్తోద్వేగమను దానికన్న తగిన పేరు నేను చదివిన యే భాషలోను దొరకలేదు. సూత్రస్థానములో చికిత్సలను మూడు తెగలుగా విభజించిరి. మంత్రము, బలి, మ్రొక్కుబడి మొదలగునవి దైవవ్యపాశ్రయము. ఆహారమును ఔషధమును ఆలోచించి యిచ్చుట యుక్తివ్యపాశ్రయము. మనస్సును అహితమైన విషయములనుండి మరల్చుట సత్త్వావజయము. ఇంత చక్కని విభాగము చేసిన గ్రంథమే ఉన్మాదచికిత్సలో మరియొక ఉపాయమును గూడ చెప్పినది. రోగిని కోరలు తీసిన పాముతోను, మచ్చికయైన సింహముతోను, రాజభటులతోను బెదరింపవలెనట. మన ప్రాచీనవైద్య మహిమను గూర్చి ఉపన్యసించువారు మొదటి మాటను తప్పక చెప్పుదురు; రెండవదానిని చెప్పగా నేను వినలేదు.

ఓషధులలో సర్పగంధ కథ మాత్రము వివరముగా చెప్పదగినది. దీనిని తెలుగులో పాతాళగంధి యందురు. బీహారు ప్రాంతమున దీని వేరును పిచ్చికి మందని సంతలలో అమ్మెడివారు. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అను వైద్యులిద్దరు ఈ వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయుచున్నదని వ్రాసిరి. ఆ సంవత్సరమే ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ దానినుండి కొన్ని క్షారపదార్థములను వేరుచేసి, వానిలో నొకదానికి హకీము అజ్మల్ ఖాను పేర అజ్మలీన్ అని పేరిడెను. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల సంగతిని ఇంగ్లండు దేశపు హృద్రోగపత్రికలో ప్రకటించిన పిదప ప్రపంచము చెవి యొగ్గినది. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ రసాయనజ్ఞులు ఆ వేరులోని ముఖ్యసారమగు రెసర్పీనును వేరుచేసిరి. 1954 నాటికి న్యూయార్కు రాష్ట్రములో నేథన్ క్లైన్ దానిని మానసిక రోగులకిచ్చి ఫలితములను వెల్లడించెను. మన సంతలో అణాలకమ్మిన వేరు బాజెల్ నగరమునకు పోయి మాత్రయై తిరిగివచ్చిన పిదపగాని మన చదువుకొన్నవారు దానిని నమ్మలేదు. అయినను మనది గనుక నిరపాయమనుకొనుట పొరపాటు. రెసర్పీను తిన్న కొందరికి తీరని దిగులు పట్టినదని ఆనాటి వైద్యులే వ్రాసిరి. తరువాతివారు ఆ మాటను శంకించిరి. వాదము నేటికిని సాగుచున్నది. చెట్టునుండి వచ్చినంతమాత్రమున మందు సాధువు కాదు.

పాశ్చాత్యుల చరిత్రను క్లుప్తముగా చెప్పుదును. 1857లో లండను వైద్యుడు లోకాక్ మూర్ఛలకు బ్రోమైడును వాడెను. పిదప అది నరముల బలహీనతకును వ్యాపించినది. 1869లో బెర్లినులో లీబ్రైఖ్ క్లోరల్ హైడ్రేటు నిద్రపుచ్చునని కనుగొనెను. 1903లో బార్బిట్యూరేట్లు వచ్చినవి. అవి కొంచెము మించిన ప్రాణము తీయును. 1955లో ఫ్రాంక్ బెర్గర్ మిల్‌టౌనును ప్రవేశపెట్టగా అమెరికావారు మందుల దుకాణముల ముందు బారులు తీరిరి. ఆ కాలముననే లియో స్టెర్న్‌బాక్ అను రసాయనజ్ఞుడు న్యూజెర్సీలోని రోష్ సంస్థలో పనిచేయుచుండెను. అతడు యూదుడు, 1941లో ఐరోపా విడిచి అచ్చటికి చేరినవాడు. అతడు చేసిన పదార్థమొకటి పరీక్షింపబడక బల్లపై పడియుండెను. 1957లో ప్రయోగశాలను శుభ్రము చేయుచు, పారవేయుటకు ముందొకసారి చూతమని దానిని జంతువులకిచ్చి చూచిరి. అదియే 1960లో లిబ్రియము పేర వెలువడినది. దాని తమ్ముడు డయాజిపాము 1963లోను, మనుమని వంటిదగు ఆల్ప్రజోలము 1981లోను అంగడి కెక్కినవి. గది ఊడ్చుచుండగా దొరికిన మందు కోట్లమంది తలగడల క్రిందికి చేరినది.

ఇప్పుడు మా యూరికి వత్తము. మక్తలు నేడు నారాయణపేట జిల్లాలోనిది. 2019కి పూర్వము మహబూబునగరము జిల్లాలోనిది. 1948కి పూర్వము నిజాము రాజ్యములోనిది. మా మండలపు దక్షిణపు టంచున కృష్ణ ప్రవహించుచున్నను, తరతరములు ఆ నీరు మా చేలకు ఎక్కలేదు. భీమా ఎత్తిపోతల పథకము క్రింద సంగంబండ జలాశయము కట్టినది మొన్నటి మాట. వానలు లేని యేట మా పాలమూరు కూలీలు మూటలు కట్టుకొని బొంబాయికిని, పూనాకును, దేశమున ఆనకట్ట కట్టుచున్న ప్రతి తావునకును పోయిరి. రోజంతయు రాళ్లు మోసిన యొడలికి రాత్రి నిద్ర కావలెను. ఇంటివద్ద ముసలివారును పిల్లలును ఎట్లున్నారో యను చింత మరపునకు రావలెను. ఆ రెండింటిని అమ్మునది కల్లు దుకాణము.

నిజాము రాజ్యమునకు ఆబ్కారీ పెద్ద రాబడి. చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము. ఆ పద్ధతి కొన్ని మార్పులతో తరువాతి ప్రభుత్వములకును సంక్రమించినది. గౌండ్లవారు చెట్టెక్కి దింపిన ఈతకల్లు తేలికైన పానీయము. ఉదయము దింపినది సాయంకాలమునకు పులియును. దానిని గూర్చి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. కాని చెట్లు కొన్నియే. అవి యిచ్చునది కొంచెము, అదియు ఋతువును బట్టి. త్రాగువారు మాత్రము ఏడాది పొడవునను గలరు. ఈ లోటును పూడ్చుటకు వ్యాపారులు కనిపెట్టిన ఉపాయము కల్తీ. నీరు, తీపికి సాకరిన్, నురుగునకేదో పొడి, ఎక్కుటకు క్లోరల్ హైడ్రేటు. చదువరులు గమనింపవలెను: 1869లో బెర్లినులో నిద్ర రానివారి కొరకు వాడుకలోనికి తెచ్చిన మందే యిది. పాశ్చాత్య వైద్యులు దానిని దాదాపు విడిచిపెట్టిన కాలమున మా కుండలలో చేరినది. దాని వెంబడి డయాజిపామును, ఆల్ప్రజోలమును వచ్చినవి. ఆల్ప్రజోలము వైద్యులు ఒక మిల్లిగ్రాములో నాలుగవ వంతు, సగము అని లెక్కించి యిచ్చు వస్తువు. దొంగచాటుగా వండి పిడికెళ్లతో పీపాలలో కలుపుచున్నపుడు దానికి కొలత యెక్కడిది? తెలంగాణమున అధికారులు పట్టుకొన్న ఆల్ప్రజోలము కల్లునకే ఉద్దేశింపబడినదని పత్రికలలో ఎన్నియో మారులు చదివితిమి.

కావున మా సీమలో చదువురాని కూలీ యొకడు తన యెరుకలేకయే, నగరపు ధనికులు వైద్యునికి రుసుము చెల్లించి తెచ్చుకొను భయనివారకమును దినదినము సేవించుచుండెను. వానికది మందని తెలియదు. ఎంత మ్రింగుచున్నాడో తెలియదు. మానినచో ఏమగునో అంతకంటె తెలియదు.

మానినచో ఏమగునో కొంచెము చెప్పవలెను. మెదడులో నరములు ఉద్రేకపడకుండ ఆపు పదార్థము నొకదానిని శాస్త్రజ్ఞులు గాబా యందురు. అది బండికి కళ్లెము వంటిది. డయాజిపాము, ఆల్ప్రజోలము మొదలగునవి ఆ కళ్లెమును మరికొంత బిగించును. నెలల తరబడి ఎవడో ప్రక్కనుండి బిగించుచున్నపుడు మెదడు తన పట్టును తాను సడలించుకొనును. ఆ ప్రక్కవాడు హఠాత్తుగా చేయి విడిచెనా, గుఱ్ఱములు పరుగెత్తును. వణకు, చెమట, నిద్రలేమి, లేనివి కనబడుట, కొందరికి ఫిట్సు, ఒక్కొక్కప్పుడు మరణము. కల్లు త్రాగి చెడినవారిని చూచినవారు గలరు. కల్లు దొరకక చెడినవారిని 2015 సెప్టెంబరులో మేము చూచితిమి.

ఆ నెలలో అధికారులు కల్తీకల్లుపై దాడులు చేయగా నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో దుకాణములకు మందుకల్లు రాక నిలిచినది. మూడు నాలుగు దినములలో ఆసుపత్రులు నిండినవి. కొందరు మరణించిరి కూడ. మా వీధిలో నా గోడకు ఆనుకొని యున్న యింటిలో ఒక తాపీమేస్త్రీ గలడు. నాకంటె పదేండ్లు పెద్ద. నేనతనిని మామా యని పిలుతును, అతడు నన్ను సారూ యనును. ఆ మూడవ రాత్రి అతడు గోడలోనుండి చీమలు వచ్చుచున్నవని అరచుచు, తానే కట్టిన గోడను గోళ్లతో గీకెను. నలుగురము పట్టుకొంటిమి. పెద్దలు గాలి సోకినదనిరి. గాణగాపురము దత్తక్షేత్రమునకు తీసికొనిపొమ్మని ఒకరు, దర్గాకు తీసికొనిపొమ్మని ఒకరు చెప్పిరి. నేను అప్పటికి సంస్కర్తనని నన్ను నేను తలచుకొనుచుండెడివాడను. కావున "ఇది త్రాగుబోతుతనమునకు ఫలము" అని ఆయన భార్య యెదుటనే బిగ్గరగా అంటిని. దాని నెవరును ఖండింపలేదు. ఆమె మాత్రము నా వంక చూచి కొంగు సవరించుకొని లోనికి పోయినది.

మూడేండ్లు గడచినవి. 2018 వేసవిలో ఒక రాత్రి నిద్రలో మేలుకొని, గుండె పగులునట్లు కొట్టుకొనుచుండగా, మరణము వచ్చినదని నిశ్చయించుకొంటిని. పావుగంటలో తగ్గినది. మరునాడు గుండె పరీక్ష చేయింపగా ఏ దోషమును లేదనిరి. ఏ దోషమును లేదనుటయే నన్ను మరింత భయపెట్టినది, రోగము దాగియున్నదని. అది మొదలు వారమున కొకసారి, పిదప దినమున కొకసారి ఆ పోటు రాజొచ్చినది. తరగతిలో పిల్లలు రామశబ్దము వల్లించుచుండగా నేను బల్ల చాటున నాడి పట్టుకొని లెక్కించెడివాడను. సప్తమీ విభక్తి వచ్చులోపల ఎన్ని కొట్టుకొన్నదో నాకు తెలియును. ఏ పిల్లవాడు తప్పు చెప్పెనో తెలియదు.

మా అమ్మ కొన్నాళ్లు చూచి, "ఎవరో మందు వెట్టిన్రు కొడుకా, కక్కిపిచ్చెటోని తానికి పోదాం పా" అన్నది. పెట్టుడు మందును కక్కించువారు మా ప్రాంతమున నేటికిని గలరు. నేను పోలేదు గాని, పడమటి ఆంజనేయస్వామి గుడిలో నలువది దినములు ప్రదక్షిణములు చేసితిని. దానిని గూర్చి నాకు సిగ్గు లేదు. ప్రదక్షిణ చేయునంతసేపు నెమ్మదిగా నుండెడిది. చెప్పులు తొడుగుకొనునప్పటికి మరల మొదలయ్యెడిది. చరకుని లెక్కలో దైవవ్యపాశ్రయమైనది. యుక్తివ్యపాశ్రయమునకు పోవలసిన వేళ నేను పోయినది వైద్యుని యొద్దకు కాదు, మందుల దుకాణమునకు.

ఎందుకు వైద్యునికడకు పోలేదని చదువరులు అడుగవచ్చును. కారణము ఒక యూరి పేరు. నిజాము కాలమున జాలనాలో నుండిన పిచ్చివారి ఆసుపత్రి 1953లో హైదరాబాదులోని ఎర్రగడ్డకు మారినది. అది మొదలు తెలంగాణమున ఎర్రగడ్డ యనునది తిట్టు. బడిలో పిల్లలు అనుకొందురు, ఉపాధ్యాయుల గదిలో మేమును నవ్వుచు అనుకొందుము: "వీనిని ఎర్రగడ్డకు పంపవలెను." నేను కూడ అన్నవాడనే. ఆ నవ్వులో పాలుగొన్నవాడు ఆ వైద్యుని గుమ్మము తొక్కుట యెట్లు? మన శాసనములును ఈ భయమును చాలకాలము పోషించినవి. 1912 నాటి బ్రిటిషిండియా చట్టమునకు పేరే పిచ్చివారి చట్టము. 1987 నాటి చట్టముకూడ ముఖ్యముగా ఆసుపత్రిలో చేర్చుటను, విడుచుటను గూర్చినది. 2001 ఆగస్టు 6న తమిళదేశమున ఏర్వాడిలో గొలుసులతో కట్టియుంచిన రోగులు ఇరువదిమందికి పైగా మంటలలో కాలిపోయిన తరువాత దేశము ఉలికిపడినది. 2017 నాటి చట్టము మానసిక వైద్యము పొందుట పౌరుని హక్కని మొదటిసారి చెప్పినది. హక్కు 2018 మేలో అమలునకు వచ్చినది. నా రోగమును ఆ వేసవిలోనే వచ్చినది. రెండింటికి పరిచయము కలుగుటకు మరి రెండేండ్లు పట్టినది.

దుకాణములో నా వంటివాడు చెప్పగా ఆల్ప్రజోలమనుమాట నేర్చి అడిగితిని. 2014 నుండి అమలులోనున్న నియమము ప్రకారము ఇట్టి మందును వైద్యుని చీటి లేక అమ్మరాదు. అమ్మినపుడు పుస్తకములో వ్రాసి యుంచవలెను. అడిగినవాడు బడిపంతులు గనుక ఇచ్చిరి. మొదటి రాత్రి నిద్రపోయిన నిద్రను నేను జీవితమున మరువజాలను. ఒక మాత్ర సగము చేసి వేసికొన్నవాడను నాలుగు నెలలలో ఉదయమొకటి, రాత్రి యొకటి వేసికొనువాడనైతిని. మధ్యాహ్నమున తల మొద్దుబారి, తెలిసిన శ్లోకము నోటికి రాక నిలిచిపోవుచుంటిని. మాత్ర యున్న అట్ట జేబులో లేకున్న గడప దాటలేనివాడనైతిని. ఇంత జరుగుచున్నను నాకును గోడకవతల నున్న మేస్త్రీకిని పోలిక గలదని ఒక్కనాడును తోచలేదు. అతడు త్రాగువాడు, నేను మందు వేసికొనువాడను.

2020 మార్చి 22 తరువాత దేశమంతయు తలుపులు మూసినది. మా యూర కల్లు దుకాణము మూతపడినది. మందుల దుకాణము తెరచియే యున్నది గాని, నాకు కావలసిన సరకు రాలేదు. రెండవ దినము చేతులు వణకినవి. మూడవ దినము అన్నము కలుపుకొనలేకపోతిని. నిద్ర లేదు, వెలుతురు కన్నులలో గ్రుచ్చుకొన్నది, ప్రక్కగదిలో గిన్నె పడిన చప్పుడునకు కేక వేసితిని. నాలుగవ దినము తెల్లవారుజామున గాలికి పెరటిలోనికి పోయితిని. నడుమెత్తు గోడ కవతల మేస్త్రీ కూర్చుండి యున్నాడు. అతని చేతిలో బీడీ. అది వెలిగింపలేక అగ్గిపుల్లలు వరుసగా పారవేయుచున్నాడు. నేను అగ్గిపెట్టె అందుకొన్నాను. నా చేతిలోను వెలుగలేదు. అతడు నా చేతిని చూచెను, పిదప ముఖమును చూచెను. చాలసేపటికి మెల్లగా అడిగెను: "సారూ, మీరు గూడ తాగుతుంటిరా?"

లేదని చెప్పుటకు నోరు తెరచితిని. మాట రాలేదు.

ఆ వారముననే హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రికి కల్లు దొరకక మతి చెదరినవారు వందలకొలది వచ్చుచున్నారని పత్రికలలో వచ్చినది. మా యింటిలో నా భార్య నా జేబునుండి ఖాళీ అట్టలు తీసి లెక్కపెట్టినది. అంతవరకు ఆమెకు నేను చెప్పలేదు. ఆమె నన్ను ఒక్క మాటయు అనలేదు. తన తమ్మునికి ఫోను చేసి, పోలీసువారి అనుమతి చీటి తెప్పించి, అతని కారులో మహబూబునగరమున ఒక మానసిక వైద్యునికడకు నన్ను పంపినది. వెంట మేస్త్రీని గూడ ఎక్కించినది. ఆ ఆలోచన నాది కాదని ఒప్పుకొనవలెను.

వైద్యుడు నా కథ నంతయు విని, మొదట వ్రాసినది మరల అదే ఆల్ప్రజోలము. నేను నివ్వెరపోతిని. ఇంతకాలము వేసికొన్నదానిని ఒక్కసారిగా విడిచిన ప్రాణాపాయము గలదనియు, దిగుటకు మెట్లు కావలెననియు ఆయన చెప్పెను. ఏ వారమున ఎంత తగ్గింపవలెనో తేదీలతో వ్రాసియిచ్చెను. దానితో పాటు ఎస్సిటలోప్రామను వేరొక మాత్రను వ్రాసెను. ఇది సెరటోనినను పదార్థమును నరముల నడుమ కొంచె మెక్కువ సేపు నిలుపు తెగలోనిది. ఈ తెగలో పేరుగాంచిన ఫ్లూక్సెటీను 1987లో అమెరికాలో అంగీకారము పొందినది. మొదట దిగులునకు వాడిన ఈ మాత్రలు భయరోగములకును పనిచేయునని తరువాత తేలినది. ఇవి వెంటనే మత్తును, నిద్రను ఇయ్యవు. కల్లులో కలిపి అమ్ముకొనుటకు పనికిరావు. మా సీమలో వీనికి ప్రసిద్ధి రాకపోవుటకు అదియు నొక కారణమేమో.

మొదటి పదిదినములు మందే రోగమువలె నుండెను. కడుపులో త్రిప్పుట, ఆవులింతలు, కాలు నిలువని అశాంతి. విడిచిపెట్టుదునని మూడుమార్లు అంటిని. నా భార్య మూడుమార్లు వినలేదు. ఈ మాత్రలు దాంపత్యసుఖమును మందగింపజేయుననుట గూడ దాచదగినది కాదు. దానిని వైద్యుడు ముందే చెప్పి యుండవలసినది; నేను సిగ్గు విడిచి అడిగినపుడు మాత్రమే చెప్పెను. ఆల్ప్రజోలము మెట్లు దిగుటకు ఐదు నెలలు పట్టినది. కడపటి పావు మాత్ర విడుచుట మొదటి రెండు మాత్రలు విడుచుట కన్న కష్టమాయెను. ఏనాడు బాగైతినో తేదీ చెప్పలేను. ఆ యేటి వర్షాకాలములో ఒకనాడు ఫోనుద్వారా పిల్లలకు పాఠము చెప్పి ముగించిన పిదప, ఒక పిల్ల తృతీయా ద్వివచనము తప్పు చెప్పినదని నాకు జ్ఞాపకము వచ్చినది. నాడిని లెక్కపెట్టలేదు. భయము నాకు ఇప్పటికిని కలుగును. పరీక్షల వేళ, ఇంటిలో జబ్బుల వేళ. అది వచ్చి, పని చూచుకొని, పోవును.

వైద్యుడు మాట్లాడింపగా జరిగిన మేలు మాత్ర వలన జరిగిన మేలునకు తక్కువ కాదని నా యభిప్రాయము. పోటు వచ్చినపుడు పారిపోక కూర్చుండి చూడుమని, గుండె పరుగెత్తుట మరణము కాదని ఆయన నేర్పెను. చరకుడు సత్త్వావజయమన్నది ఇట్టిదే కావచ్చును. కాని అట్లు మాట్లాడుటకు తీరిక గల వైద్యులు మనకెందరు? 2015–16లో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో మానసికరోగములు గలవారిలో, రోగమును బట్టి, నూటికి 70 మొదలు 92 మంది వైద్యము లేకయే యున్నట్లు తేలినది. తెలంగాణము ఆ పండ్రెండింటిలో లేదు. 1985లోనే బెంగుళూరు నిమ్‌హాన్సు వైద్యులు తెలుగువారెక్కువగా గల బళ్లారి జిల్లాలో గ్రామవైద్యులకు ఈ రోగములను గుర్తించుట నేర్పి, జిల్లా అంతటికి ఒక మాదిరిని చూపిరి. బళ్లారికిని మాకును నడుమ రాయచూరు జిల్లాయే యడ్డము. ఆ మాదిరి పేరు మక్తలులో నేను ఆ వైద్యుని నోట వినుటకు ముప్పదియైదేండ్లు పట్టినది. 2022 అక్టోబరు నుండి 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగుననే మాట్లాడువారు గలరు. ఈ సంఖ్యను నేను బడిగోడపై వ్రాయించితిని. ఎవరు చేయుచున్నారో అడుగను.

మేస్త్రీ సంగతి వేరుగా నడచినది. అతనికిని ఆ దినమున వైద్యుడు మెట్లు వ్రాసియిచ్చెను. నా మెట్లకు తేదీలుండెను, నెలజీతముండెను, లెక్కించు భార్య యుండెను. అతడు రెండు నెలలు మాత్రలు సరిగా వేసికొనెను. దుకాణములు తెరచిన తరువాత పని దొరకినది. పనితోపాటు కల్లును దొరకినది. ఒక సీసాలో ఎంత మందున్నదో ఎవరికిని తెలియదు గనుక మాత్రను ఎంత తగ్గింపవలెనో వైద్యునికిని తెలియకపోయెను. "నీకు చీటి ఉన్నది సారూ, నాది సీసల ఉన్నది" అని అతడు నవ్వును. 2025 జూలైలో హైదరాబాదు కూకటుపల్లిలో కల్తీకల్లు త్రాగి కొందరు మరణించినపుడు, అందులో ఆల్ప్రజోలము ఉన్నట్లు పరీక్షలలో తేలినదని పత్రికలో వచ్చిన వార్తను అతని యరుగుపై కూర్చుండి చదివి వినిపించితిని. ఆ పేరును రెండుమార్లు పలికించుకొని, "మనం ఇద్దరం తిన్నదేనా?" అనెను. అదియే యంటిని. లోపల ఆయన భార్య వినుచున్నది. పదేండ్ల క్రింద ఆమె యెదుట నేననిన మాటను ఆనాడు తిరిగి తీసికొంటిని. ఆమె "యాదికి లేదు సారూ" అన్నది. ఉన్నదని నాకు తెలియును.

మూడు నెలల కొకసారి నేను మహబూబునగరమునకు పోవుదును. ఈ మారు వైద్యుడు మాత్రను సగము చేసి చూతమన్నాడు. కడచిన పర్యాయము మేస్త్రీ నాతో బస్సెక్కి, మరికల్ వద్ద తెలిసినవారెవరో కనబడగా దిగిపోయెను. వచ్చు శనివారమునకు మరల వత్తునన్నాడు. ఇరువురకు టికెట్లు నేనే తీసికొందునని చెప్పియుంచితిని.